అల కోసం పడవని ముంచే పని

నన్ను పనిలోంచి తీసేసినారు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఉద్యోగం అనుభవాలు రాసేవాళ్ళు చాలామంది దండ వేయించుకుని, శాలువా కప్పించుకుని, కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చిన సంగతితో మొదలుపెడతారు. రైల్వే వర్క్‌షాపు నుంచి నేనూ అలాగే వచ్చినాను. ఆ శాలువా బీరువాలో ఉంది, ఇంతవరకు మడత విప్పలేదు. రెండో పని, అంటే పడవల పని, అలా ముగియలేదు. ఒక ఎండపూట, రేవు మీద అందరూ చూస్తుండగా, "ఇంక నువ్వెళ్ళు దీదీ" అనిపించుకుని బస్సెక్కినాను.

దానికి నాకు సిగ్గేమీ లేదు. ఇప్పుడు మన ఖరగ్‌పూర్ పిల్లలు కొందరు జలాశయాల దగ్గరా సముద్రం ఒడ్డునా పడవల పనికి పోతున్నారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు నన్ను అడిగినారు, ఆ పని ఎలాగుంటుందని. వాళ్ళ కోసం రాస్తున్నాను.

నీళ్ళు నేర్చుకున్న చోటు

నా పేరు నరసమ్మ. పుట్టిందీ పెరిగిందీ బెంగాల్లో ఈ ఖరగ్‌పూర్‌లోనే, రైల్వే తెలుగువాళ్ళ మధ్య. మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన పోయాక ఆ ఇంటికి ఒక ఉద్యోగం ఇస్తామన్నారు. నా మరిది చేరతాడని అందరూ అనుకున్నారు. నేను చేరినాను. రైలు పెట్టెల్లో నీళ్ళ టాంకులు, పైపులు, కుళాయిలు, వాల్వులు చూసే సెక్షన్‌లో వేసినారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను.

నాకు పని నేర్పింది తాతారావు మేస్త్రి. మాటలు తక్కువ మనిషి. చేరిన కొత్తలో ఒకరోజు మూతున్న డబ్బా నిండా నీళ్ళు పోసి, "షాపు ఆ చివరిదాకా మోసుకెళ్ళమ్మా" అన్నాడు. మోసినాను. బరువుగా ఉంది గానీ బుద్ధిగా వచ్చింది. తరవాత అదే డబ్బాలో సగం నీళ్ళు తీసేసి మళ్ళీ మొయ్యమన్నాడు. బరువు తగ్గింది గదా అని జోరుగా నడిచినాను. మలుపు దగ్గర నీళ్ళు ఒక్కసారి ఒక పక్కకి దూకినాయి, డబ్బా నన్ను ఈడ్చుకుపోయి గోడకి కొట్టింది.

"ఏటి, అర్థమయిందా?" అన్నాడు.

"అయింది."

"ఏటి అయింది?"

"సగం నీళ్ళు మాట వినవు."

ఆయన తలూపి టీకి వెళ్ళిపోయినాడు. పడవల పనికి కావలసిన చదువులో సగం నాకు ఆ పూటే అయిపోయింది. మిగతా సగం పడవ మీదే నేర్చుకోవాలి, ఇంకెక్కడా రాదు.

అల రాకుండా కట్టిన పడవ

ప్రబీర్ బాబు మా పాత క్వార్టర్ల వరసలో పెరిగినవాడు. బెంగాలీ అయినా తెలుగు మనలాగే మాట్లాడతాడు. నాకంటే పదేళ్ళు చిన్న. సముద్రం ఒడ్డున ఏళ్ళ తరబడి పడవలు నడిపి, తరవాత ఖరగ్‌పూర్ నుంచి బస్సులో సగం రోజు పోయేంత దూరంలో ఒక జలాశయం మీద ఆటల పడవల కాంపు పెట్టుకున్నాడు. నేను రిటైరయిన కొత్తలో ఇంటికి వచ్చినాడు.

"దీదీ, పాత పడవ ఒకటి దొరికింది. దాంతో వేక్‌సర్ఫింగ్ నడపాలి. నీళ్ళని ఎక్కడ ఎంత ఉంచాలో చూసే మనిషి కావాలి. నువ్వు రా."

మా చెల్లి సత్యవతి ఆ పూట ఇంట్లోనే ఉంది. "ఈ వయసులో పడవలేటి అప్పా, హాయిగా కూర్చోక!" అంది. ఆ మాటతోనే నేను ఒప్పేసుకున్నాను. నన్ను కూర్చోమంటే లేచే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది.

వేక్‌సర్ఫింగ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెప్తాను. పడవ నడిస్తే వెనకాల నీళ్ళు లేస్తాయి గదా, ఆ అల మీద చిన్న పలక వేసుకుని నిలబడే ఆట. మొదట పడవకి కట్టిన తాడు పట్టుకుని లేస్తారు. అల కాళ్ళ కిందికి రాగానే తాడు వదిలేస్తారు. ఇంక పడవ లాగదు, అలే తోసుకుపోతుంది. పడవ జోరుగా పోకూడదు, మా ఊరి ఇందా పేటలో టోటో, అదే బ్యాటరీ రిక్షా, పోయేంత వేగం చాలు. కానీ పడవ వెనక భాగం నీళ్ళలోకి బాగా దిగాలి. దిగిన కొద్దీ అల పెద్దదవుతుంది. పడవ తేలికగా ఉంటే అల రాదు. అందుకని లోపల బరువు పెడతారు. ఆ బరువు ఎంత, ఎక్కడ, ఎలా కట్టాలి అన్నదే మా పని.

ప్రబీర్ బాబు కొన్న పడవ పాతది. ఇంజను మధ్యలో, ఒక పెట్టె కింద ఉంది. మనుషుల్ని వేగంగా లాగే వేరే ఆట కోసం కట్టిన పడవ అది. ఆ ఆటలో అల అడ్డం. కాబట్టి కట్టినవాళ్ళు వీలైనంత చదునుగా, అల లేవకుండా కట్టినారు. దాన్నుంచి ఇప్పుడు మేము అల రప్పించాలి.

నేను నవ్వినాను. "షాపులో రైలు పెట్టె ఒక పక్కకి ఒరిగితే మాకు చీవాట్లు పడేవి. నువ్వు పడవ ఒరగాలంటావేటి?"

"ఒరగాలి దీదీ. మునక్కూడదు, అంతే."

ఆ పడవలో ఒక మంచి గుణం ఉంది. నీళ్ళలో తిరిగే పంకా వెనక అంచు దాటి బయటికి రాదు, పడవ పొట్ట కిందే ఉంటుంది. పలక మీద నిలబడినవాళ్ళు పడవకి దగ్గరగా ఉంటారు కాబట్టి ఇది చాలా ముఖ్యం. ఇంజను వెనక వేలాడే పడవ మీద ఈ ఆట ఆడించమని ఎవరైనా అడిగితే ఆ మనిషికి నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. ఇంకో మాట వినకండి.

ఇసక బస్తాలు

పడవని ఖరగ్‌పూర్ పక్కనే, సాలువా అనే ఊరికి పోయే దారిలో ఒక అద్దె షెడ్డులో పెట్టినాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పొలం నుంచి వస్తూ వచ్చి చూసేవాళ్ళు. నీళ్ళకి ఇంత దూరంలో పడవేటని ఒకాయన రోజూ అడిగేవాడు.

నేను మొదటిసారి లోపలికి ఎక్కి చూస్తే వెనకాల ఇసక బస్తాలు. నేను రాకముందే ప్రబీర్ బాబు వేసేసి, జలాశయంలో ఒకసారి తిప్పి కూడా చూసినాడు. బస్తాలు తడిసి చివికి, ఇసక కారి, అడుగున చేరిన నీళ్ళు తోడే పంపు నోట్లోకి పోయింది. పంపు ఆగిపోయింది. అసలు ప్రమాదం అదే. పడవలోకి నీళ్ళు రావడం మామూలే. వచ్చినవి బయటికి పోకపోతేనే చిక్కు.

"ఇసక వద్దు. ఇసక బరువే గానీ, అవసరం తీరాక అక్కడే కూర్చుంటుంది. నీళ్ళయితే వాడుకుని వదిలెయ్యొచ్చు," అన్నాను.

గోల్ బజార్ దగ్గర లారీ టార్పాలిన్లు అతికే దుకాణంలో మందపాటి సంచులు చేయించినాను. దుకాణమాయన కొలతలు తీసుకుంటూ, "ఏటికమ్మా ఇవి?" అన్నాడు.

"పడవని ముంచడానికి."

ఆయన నా ముఖం ఒకసారి చూసి కొలతలు రాసుకున్నాడు.

ఒకే పెద్ద సంచి చేయించమన్నాడు ప్రబీర్ బాబు. నేను చిన్నవి ఎక్కువ చేయించినాను. ఒక్కో సంచికి నీళ్ళు పోసే గొట్టం ఒకటి, గాలి పోయే గొట్టం ఒకటి. గాలి గొట్టం సంచి కంటే బాగా ఎత్తులో కట్టాలి. లేకపోతే సంచి నిండినట్టే కనిపిస్తుంది, లోపల గాలి బుడగ ఉండిపోతుంది. బుడగున్న సంచి అంటే సగం సంచే. ప్రతి సంచినీ పట్టీలతో అడుగుకి కట్టినాను, ఎటు లాగినా జరగకుండా.

నీళ్ళు పట్టడానికి పడవ అడుగున కన్నం పెట్టి, వాల్వు బిగించి, పర్మనెంటు లైను వెయ్యాలని నా పట్టుదల. ముప్పై ఏళ్ళు పైపులు వేసిన చెయ్యి, పైపు లేకపోతే పనిలాగ అనిపించదు. అప్పుడు అడ్డం పడింది మౌసుమి.

మౌసుమిది ఇందా. ఈతలో చాలా పోటీలకి వెళ్ళిన అమ్మాయి, అప్పటికి ఇరవయ్యారేళ్ళు. కాంపులో ఈ ఆట నేర్పడానికి ప్రబీర్ బాబు పెట్టుకున్నాడు. నన్ను మాసీ, అంటే పిన్ని, అనేది; ప్రబీర్ బాబుని దా, అంటే అన్న, అనేది. నేను ఆమెని మౌ అనేదాన్ని. బెంగాలీలోనే మాట్లాడుకునేవాళ్ళం.

"మాసీ, ఇంత పాత పడవకి నీళ్ళ కింద కన్నం పెడితే, ఆ కన్నం రోజూ నువ్వొచ్చి చూస్తావా? నువ్వు లేనిరోజు ఎవరు చూస్తారు?"

"మంచి వాల్వు బిగిస్తాను."

"వాల్వు మంచిదే. చుట్టూ ఉన్న పడవ పాతది."

గంట వాదించినాను. ఆమె చెప్పిందే రైటు. వైరు చివర పంపు కట్టి, పక్క నుంచి నీళ్ళలోకి వేలాడదీసి, సంచులు నింపుకుని, పైకి లాగేసుకునే పద్ధతి పెట్టినాం. చూడ్డానికి బాగోదు, వైర్లు కాళ్ళకి అడ్డం పడతాయి. అయినా పడవకి కన్నం లేదు. పాత పడవకి మీరు చెయ్యగలిగిన గొప్ప ఉపకారం, దానికి కొత్త కన్నం పెట్టకుండా ఉండడం.

మూల, ముక్కు

జలాశయంలో మొదటి రోజు అన్ని సంచులూ వెనక ఎడమ మూలలో నింపినాం. మౌ ఎడమ కాలు ముందుకి పెట్టి నిలబడుతుంది, అలాంటివాళ్ళకి పడవ ఎడమ పక్క అల కావాలి. కుడి కాలు ముందు పెట్టేవాళ్ళకి కుడి పక్క.

ప్రబీర్ బాబు పడవ కదిలించగానే ముక్కు ఆకాశం వైపు లేచింది. ఎదర ఏముందో ఆయనకి కనబడలేదు. అల లేచింది గానీ, గోడలాగ నిట్టనిలువుగా లేచి అక్కడే విరిగి నురగయిపోయింది. మౌ తాడు వదిలిన మరుక్షణం వెనకబడి నీళ్ళలోకి పోయింది.

"బరువు చాల్లేదు. ఇంకా వెయ్యాలి," అన్నాడు ప్రబీర్ బాబు.

"వెనక కాదు. ముక్కు దగ్గర వేద్దాం."

"ముందు వేస్తే అల తగ్గిపోద్ది దీదీ."

"ఎత్తు తగ్గుద్ది. పొడుగు పెరుగుద్దేమో చూద్దాం."

వెనకనున్న ఒక సంచి ఖాళీ చేసి, విప్పి, ముక్కు దగ్గర కట్టి నింపినాను. ముక్కు దిగింది. అల కొంచెం పొట్టిదయింది గానీ వెనక్కి పొడుగ్గా సాగింది, వాలు వచ్చింది. మౌ తాడు వదిలి, ఈసారి పది లెక్కపెట్టేంత సేపు నిలబడింది. పడిపోయి, నీళ్ళలోంచే రెండు చేతులూ ఎత్తి కేకలు పెట్టింది.

ఆ వారమంతా ఇదే పని. ఒక సంచి అటు, ఒక సంచి ఇటు. అల ఎత్తుని వెనక మూల బరువు ఇస్తుంది, తోసే జోరుని ముక్కు బరువు ఇస్తుంది, విరగని నున్నదనాన్ని పడవ ఒరుగు ఇస్తుంది. నేను పడవలో ఎక్కడ కూర్చుంటే అక్కడ అల మారేది. నేను తిండి బాగా తినే మనిషిని, సంచితో సమానం.

ఒకరోజు సంచి నిండకముందే పంపు ఆగిపోయింది. "నడిచిపోద్ది," అన్నాడు ప్రబీర్ బాబు. నేను వద్దన్నాను గానీ గట్టిగా అడ్డుకోలేదు, ఆ పడవలో అది ఎలాగుంటుందో చూడాలని నాకూ ఉంది. మలుపు తిరిగేటప్పుడు సంచిలో నీళ్ళన్నీ ఒక్క ఊపున బయటి పక్కకి దూకినాయి. పడవ మూల దబ్బున దిగి, అంచు మీంచి నీళ్ళు మా ఒళ్ళోకి వచ్చినాయి. ఇంజను పెట్టె తడిసింది. ప్రబీర్ బాబు గాభరాపడలేదు, ఇంజను ఒక్కసారిగా ఆపెయ్యలేదు. మెల్లగా వేగం తగ్గిస్తూ పడవని నిలబెట్టినాడు. పడవ ఠక్కున ఆగితే దాని అలే వెనక నుంచి వచ్చి దాని మీద పడుతుంది, ఆయనకి అది తెలుసు. ఆ మనిషి చేతిలో పడవ నడపడం అనే విద్య ఉంది. ఇది నేను ఒప్పుకోవాలి, తరవాత చెప్పబోయేదానికి ఇది అవసరం.

ఒడ్డుకొచ్చాక ఆయనే అన్నాడు. "దీదీ, ఒక హద్దు గీత పెట్టుకుందాం."

సంచులన్నీ నింపి, పడవలో పట్టేంతమంది కూర్చుని, తరవాత అందరం లేచి ఎడమ మూలలో గుంపుగా నిలబడినాం. అలా నిలబడినా నీళ్ళకీ అంచుకీ మధ్య జానెడు మిగలాలి. అంతవరకు సంచులు తగ్గించుకుంటూ వచ్చి, మళ్ళీ ఎవరి చోట వాళ్ళు కూర్చున్నాక నీళ్ళు తాకిన చోట బయట ఎర్ర రంగుతో గీత వేసినాం. రంగు వేసింది ప్రబీర్ బాబే. ఆ గీత ములిగితే పడవ కదలకూడదు. ఇంకో మనిషి ఎక్కితే ఆ బరువుకి తగ్గ సంచి ఖాళీ చెయ్యాలి.

ఇంకో సంగతి. ఇంజను పొగ పడవ వెనకే తిరుగుతుంది. వాసన పెద్దగా రాదు, కానీ తల తిప్పుతుంది, మనిషిని చంపుతుంది కూడా. ఇంజను నడుస్తుండగా వెనక అంచు మీద ఎవర్నీ కూర్చోనివ్వకండి. ఫోటో బాగుంటుందని బతిమాలతారు. లేదని చెప్పండి.

రేవు మీద

కాంపు బాగా నడిచింది. కలకత్తా నుంచి, టాటానగర్ నుంచి వచ్చేవాళ్ళు. మౌ ఎంతోమందికి నేర్పింది. నేను సోమవారం బస్సెక్కి వెళ్ళి, సంచులూ పట్టీలూ గొట్టాలూ చూసుకుని, వారం చివర ఖరగ్‌పూర్ వచ్చేసేదాన్ని. నాలుగేళ్ళు అలాగే గడిచినాయి.

ఒకరోజు ప్రబీర్ బాబుకి పెద్ద అతిథులు వచ్చినారు. జలాశయం అవతలి ఒడ్డున ఇంకో రేవు కట్టుకోవాలని ఆయన ఆశ. దానికి డబ్బు పెట్టే పెద్దమనుషులు, వాళ్ళ ఇంటివాళ్ళు. కాంపులో పనిచేసే అందరి అన్నమూ ఆ రెండో రేవుతో ముడిపడి ఉందని నాకూ తెలుసు.

అందరూ ఒకే పడవ ఎక్కుతామన్నారు. ఎక్కేసినారు కూడా.

"దీదీ, సంచులన్నీ నింపు," అన్నాడు ప్రబీర్ బాబు.

"ఇంతమంది ఎక్కితే సంచులెందుకు? వీళ్ళే సంచులు. వెనకవన్నీ ఖాళీ చేస్తాను."

"అప్పుడు వీళ్ళు ఎటు లేస్తే అల అటు పోద్ది. ఫోటో కోసం కుడి పక్కకి వెళ్ళినారనుకో, మౌ కాళ్ళ కింద అల చచ్చిపోద్ది. సంచి కదలదు, మనుషులు కదుల్తారు."

ఆయన చెప్పింది తప్పు కాదు. ఈ పని తెలిసినవాడు చెప్పే మాటే అది. ఆయనకి తెలీదని నేనెప్పుడూ అనలేదు. తెలిసే చేసినాడు.

"అందుకే గదా నా భయం," అన్నాను. "నిండిన సంచుల మీద వీళ్ళు కదుల్తారు. గీత ములిగిపోద్ది బాబూ."

"ఒక్క రౌండు. నేనే నడుపుతాను. నా చేతి మీద నమ్మకం లేదా నీకు?"

"నీ చేతి మీద ఉంది. వాళ్ళ కాళ్ళ మీద లేదు."

పంపు నీళ్ళలోంచి లాగి ఒళ్ళో పెట్టుకుని రేవు మెట్టు మీద కూర్చున్నాను. ప్రబీర్ బాబు ముఖం ఎర్రబడింది. మౌ వైపు చూసినాడు. మౌ నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"మాసీ, ఇవ్వు."

"ఇవ్వను."

ఆమె లాక్కోలేదు. షెడ్డులోకి వెళ్ళి రెండో పంపు తెచ్చుకుంది. నా పక్క నుంచే దాన్ని నీళ్ళలోకి దింపింది. సంచులు ఒక్కొక్కటే నిండుతుంటే ఎర్ర గీత నా కళ్ళ ముందే ములిగిపోయింది.

అప్పుడు నేను లేచి నిలబడి బెంగాలీలో అందరికీ వినబడేలా చెప్పినాను. "ఈ పడవలో బరువు ఎక్కువయింది. ఈ గీత చూడండి, కనబడదు, నీళ్ళ కింద ఉంది. పిల్లలున్నవాళ్ళు దిగండి. లైఫ్ జాకెట్లు గట్టిగా బిగించుకోండి."

పెద్దమనుషుల్లో ఒకాయన నవ్వినాడు. "భయపడకండి దీదీ, మాకు ఈతొచ్చు." మిగతావాళ్ళూ నవ్వినారు. జాకెట్లు మాత్రం బిగించుకున్నారు. ఒక ముసలామె, ఎవరి అమ్మో, గొణుక్కుంటూ మనవరాలి చెయ్యి పట్టుకుని దిగిపోయి నా పక్కన కూర్చుంది. దిగింది వాళ్ళిద్దరే.

పడవ వెళ్ళిపోయింది.

ఆ అల

ఇప్పుడు చెప్పేది చాలామంది నా నోట వినాలనుకోరు.

ఆ రోజు ఆ పడవ వెనక లేచిన అల, నా పని మొత్తంలో నేను చూసిన అలలన్నిటిలోకీ గొప్పది. పచ్చగా, నున్నగా, మౌ నడుము ఎత్తున లేచింది, ఎక్కడా విరగలేదు. మౌ తాడు పడవలోకి విసిరేసి, మోకాళ్ళు వంచి, అల పైకి ఎక్కి, కిందికి జారి, మళ్ళీ ఎక్కింది. చేత్తో అల గోడని నిమురుకుంటూ పోయింది. జలాశయం ఆ చివరిదాకా పడకుండా వెళ్ళింది. బరువు ఎక్కువయింది కాబట్టే ఆ అల వచ్చింది.

"ఎంత బాగుందో!" అంది నా పక్కన ముసలామె.

"చాలా బాగుంది," అన్నాను. నిజమే చెప్పినాను. ఒళ్ళో పంపు అలాగే ఉంది. నేను నాలుగేళ్ళు వెతికిన అల, నేను వద్దన్న రోజున వచ్చింది.

పడవ తిరిగొచ్చింది. ఏమీ కాలేదు. ఎవరికీ కాలు తడిసినట్టు కూడా కనబడలేదు. అందరూ చప్పట్లు కొడుతూ దిగినారు. ఈతొచ్చన్న పెద్దమనిషి మౌతో ఫోటో తీయించుకున్నాడు. ప్రబీర్ బాబు చివర్న దిగి నా ఎదర నిలబడినాడు.

"చూసినావా?"

"చూసినాను."

"ఏటయింది?"

"ఏమీ అవలేదు. రేపు మళ్ళీ అడిగినా నేను ఇదే చెప్తాను."

అతిథులు చూస్తున్నారు. "అయితే ఇంక నువ్వెళ్ళు దీదీ," అన్నాడు.

పంపు ఆయన చేతికిచ్చి, నా బట్టల సంచి తీసుకుని, బస్టాండుకి నడిచినాను.

"ఏమీ కాలేదు గదా"

ఖరగ్‌పూర్ వచ్చాక ఈ మాట ఎంతమంది అన్నారో. మా సత్యవతి అంది. పక్కింటివాళ్ళు అన్నారు. కూరలమ్మే ఆమె కూడా అంది. ఏమీ కాలేదు గదా, మరి ఎందుకంత పంతం, ఉన్న పని పోగొట్టుకున్నావు గదా.

పిల్లలూ, ఈ పనిలో మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా కొట్టేది ఈ మాటే. మీరు వద్దన్న పని ఎక్కువసార్లు క్షేమంగానే జరిగిపోతుంది. మీరు పిరికివాళ్ళలాగా, చాదస్తుల్లాగా మిగిలిపోతారు. మిమ్మల్ని రైటని చూపించే రోజు రాదు. అలాంటి రోజు రావాలని కోరుకోకూడదు కూడా. ఆ రోజు వస్తే ఎవరో ఒకరు నీళ్ళ కింద ఉంటారు. అందుకని ఎవరూ మెచ్చుకోకపోయినా వద్దనడం అలవాటు చేసుకోవాలి. నాకు ఆ అలవాటయింది. అది తప్పని నేను ఒప్పుకోను, ఎంత మంది వచ్చి అడిగినా ఒప్పుకోను.

కొన్ని నెలల తరవాత ఒక ఆదివారం మౌ మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"లోపలికి రావేటి?"

"కోపంగా ఉన్నావేమోనని."

"ఉన్నాను. అయినా రా, టీ తాగు."

కూర్చుంది. టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుంది. తరవాత చెప్పింది.

"మాసీ, ఆ రోజు నేను అల మీద నుంచి పడవ లోపలికి చూస్తూనే ఉన్నాను. వాళ్ళందరూ నా వీడియో తియ్యడానికి ఎడమ పక్కకి వచ్చేసినారు. మూల దిగింది. అంచు మీంచి నీళ్ళు పల్చగా లోపలికి జారినాయి, పళ్ళెంలోంచి ఒలికినట్టు. ఒకామె చెప్పులు తడిసినాయి. ఆమె కాళ్ళు పైకెత్తి నవ్వింది. అందరూ నవ్వినారు. ప్రబీర్ దా వెనక్కి తిరిగి చూడలేదు, ఎదర చూసుకుంటున్నాడు. నేను కేకేద్దామనుకున్నాను. కేకేస్తే అందరూ ఇంకా నా వైపే వంగుతారేమోనని భయమేసింది. నవ్వుతూనే నిలబడినాను."

"ఒడ్డుకొచ్చాక చెప్పలేకపోయినావా?"

"ఎవరికీ చెప్పలేదు. నీకే చెప్తున్నాను."

"ఆ పంపు ఎందుకు తెచ్చినావు మౌ?"

ఆమె తలెత్తి చూసింది. ఆ చూపులో తప్పు చేసినదానిలాగా లేదు. "నీకు పింఛను ఉంది మాసీ. నాకు లేదు."

ఆ మాట నిజం. నేను మెట్టు మీద కూర్చోగలిగినాను, నా అన్నం వేరే చోటి నుంచి వస్తోంది. మౌకి ఆ రోజు కూర్చునే వీలు లేదు. ఆమెని నేను పిరికిదని అననివ్వను. పింఛను ఉన్నవాళ్ళు, జీతం కోసం భయపడక్కర్లేనివాళ్ళు, పెద్దవాళ్ళు, వీళ్ళే ముందు అడ్డం పడాలి. పిల్లల్ని ముందుకి తోసి ధైర్యం నేర్పేవాళ్ళని నేను నమ్మను.

ఆమె టీ తాగి లేచింది. గుమ్మం దగ్గర ఆగింది.

"మాసీ, ప్రబీర్ దా కబురు పంపినాడు. రెండో రేవు వచ్చింది. ఇంకో పాత పడవ కొన్నాడు, దానికి సంచులు కట్టాలి. నిన్ను రమ్మన్నాడు. గీత నువ్వు ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేస్తానన్నాడు. సంచి ఖాళీ చెయ్యమంటే చేస్తానన్నాడు. ఒక్క షరతు పెట్టినాడు."

"ఏటది?"

"ఏదున్నా పక్కకి పిలిచి చెప్పమన్నాడు. అతిథుల ముందు చెప్పొద్దన్నాడు."

ఆ పడవ పాతదైనా మంచిదే అయుంటుంది, ప్రబీర్ బాబు ఎంచితే తప్పు ఎంచడు. నాకు చెయ్యాలనీ ఉంది, చేతులు ఇంకా బాగానే ఉన్నాయి. మౌ గుమ్మంలో నిలబడి నా ముఖం చూస్తోంది, నేను ఊ అంటే సోమవారం బస్సుకి ఇద్దరం కలిసి వెళ్ళొచ్చని ఆశ.

"వస్తానని చెప్పు," అన్నాను. "చెప్పాల్సింది మాత్రం అతిథుల ముందే చెప్తాను. పడవ ఎక్కేది వాళ్ళు గదా."